నాయన కుట్టిన చెప్పులు

గుంతకల్లు, 1978 మే, ఆదివారం

నాయన ఇవాళ కంబదూరు నుంచి వచ్చాడు. నా కోసం తనే కుట్టిన కొత్త చెప్పులు తెచ్చాడు. కొలత తీసుకోకుండా కుట్టినా కాలికి సరిగ్గా సరిపోయాయి.

సాయంత్రం అవే వేసుకుని ఆయన్ని బస్సెక్కించడానికి బయలుదేరితే, గేటు దగ్గర ఇంటాయన ఆపాడు.

"ఏమప్పా, చెప్పులు బలే ఉండాయే! యాడ కొన్నావు?"

కులం తెలిసి ఈ ఊళ్ళో రెండిళ్ళు ఖాళీ చేయించారు. నా రైల్వే గుమాస్తా ఉద్యోగం గడప దాకే పనికొచ్చింది. ఈ ఇంట్లో అబద్ధం చెప్పి చేరాం. నా భార్య కమల నిండు చూలాలు. ఈ ఎండల్లో మళ్ళీ ఇల్లు మారలేం.

"ఈడే, బజార్లో," అన్నాను. నాయన పక్కనే ఉన్నాడు.

"పెద్దాయనా, నీకూ ఒక జత కొనియ్యమను," అన్నాడు ఇంటాయన.

"కొనిస్తాడులే సామీ," అని నవ్వాడు నాయన.

బస్సెక్కాక కిటికీలోంచి అన్నాడు: "బిడ్డ పుడితే మీయమ్మను పంపిస్తాలేప్పా. నేను రాను. నా చేతులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతాది."

బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాను. రా నాయనా అని మాత్రం అనలేదు.