గోడనీడలో వరస

1952 మే 6, మంగళవారం
ఈ ఏడూ వాన లేదు. సెలవులకు మూసిన మా బడిలోనే గంజి కేంద్రం పెట్టారు. రాగిగంజి పోసే పని నాది. జనం బడిగోడ నీడలో బారుగా కూర్చుంటారు. పోయించుకున్నవాళ్ళు వెంటనే లేచిపోవాలి — గుంపు చేరకుండా నేను పెట్టిన నియమం.

మే 8
పోయించుకున్నవాళ్ళే మళ్ళీ గిన్నె చాపుతున్నారు. ఎండ... విసుగు... అరిచి అరిచి గొంతు పోయింది. మా వెనకింటి ఓబులవ్వ కూడా! "నాకు పొయ్యలే టీచరమ్మా... ఇంట్లో కోడలు బాలింత" అంది. "ఒకసారి పోసినా గదవ్వా, సిగ్గుండొద్దా?" అన్నాను, అందరి ముందూ. గిన్నె కొంగులో దాచుకొని పోయింది.
గంజి మిగిలింది. అందరికీ అందినట్టే.

మే 9
ఓబులవ్వ రాలేదు. రాకపోతే పోనీ.

మే 10
నిన్న రాసింది అబద్ధం. పొద్దంతా ఆమె కోసమే చూశాను.

మే 12
ఆవిరికి చెయ్యి కాలింది. వంటాయన నారాయణప్ప పోశాడు. ఎదురుగా కూర్చొని చూశాను.
బారు మొదటి నుంచి ఒకరికి పోస్తాడు. ఆ మనిషి గబుక్కున లేస్తాడు. బారు మొదట్లో నీడ ఎక్కువ — ఖాళీ అయిన చోటికి పక్కామె జరుగుతుంది, ఆమె వెంట మిగతావాళ్ళూ. ఈలోగా నారాయణప్ప ఒక అడుగు ముందుకు వేసేశాడు. జరిగినామె వెనకబడిపోయింది. "నాకు లేదప్పా" అంటే, "ఎన్నిసార్లమ్మా?" అంటాడు. నా మాటే. గిన్నెలు చూస్తాం, మొహాలు చూడం.
ఛీ, నా నోరు పడిపోను!

మే 13
ఈరోజు బారు చివరి నుంచి పోసుకుంటూ వచ్చాను. ఎవరు లేచినా, ఆ చోటికి జరగడానికి వెనక ఎవరూ మిగలరు. ఇంకా పోయించుకోనివాళ్ళు కదలరు. ఒక్కరూ తప్పిపోలేదు. కుండ ఖాళీ. ఏడుపొచ్చింది.
సాయంత్రం ఇంట్లో కాచిన గంజి ముంతలో పోసుకొని ఓబులవ్వ ఇంటికి పోయాను. తలుపు తియ్యలేదు. లోపల పసిబిడ్డ ఏడుపు... బలం లేని ఏడుపు.
"తప్పు నాదే అవ్వా. ఆ పొద్దు నీకు పొయ్యలేదు."
లోపలి నుంచే అంది: "ఆ మాట ఆడ చెప్పల్ల, అందరి ముందర. ఈడ తలుపుకు చెప్తే ఏమొస్తాది?"
ముంత గడప మీద పెట్టి వచ్చేశాను.

మే 14
తెల్లారేసరికి ముంత మా గుమ్మం ముందు ఉంది. తోమి, బోర్లించి. తాగారో... పారబోశారో...
జనం వచ్చి కూర్చునే వేళయింది. గరిటె తీసుకోవాలి. అంతకంటే ముందు నోరు పెగలాలి —