కరెంటు పెట్టించుకున్న ఇద్దరం

పుంగనూరు,
11-2-2025.

సౌభాగ్యవతి చౌడమ్మకు, వసంతక్క ఆశీర్వదించి రాయునది.

రామకుప్పంలో నువ్వూ, మీ ఆయన బైరప్పా, కూతురు సుమలతా చల్లగా ఉండాలి. నా క్షేమం సంగతి కింద రాస్తాను. ఫోనుండగా ఉత్తరమెందుకు అనుకుంటావేమో, ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సుమలత చేత చదివించుకోవద్దు, తలుపేసుకుని నువ్వే చదువుకో.

ముందు నా కడుపుమంట చెప్పేస్తాను. నీ మీద నాకు అసూయ. ఇద్దరికీ గర్భసంచి క్యాన్సరే. ఒకే ఆసుపత్రి హాల్లో వంతు కోసం కూర్చుని ఇరవై అయిదు సార్లు కరెంటు, అదే ఆ రేడియేషన్, పెట్టించుకున్నాం. మీ ఆయన అన్నాళ్ళూ నీ పక్కనే ఉండి చేత్తో సంగటి కలిపి పెట్టేవాడు. మా ఆయన వెంకటేశులు టమాటా మార్కెట్ వదిలిపెట్టి వచ్చింది రెండే రెండుసార్లు. నా కుళ్ళు అక్కడే మొదలైంది.

ఊరికొచ్చిన ఆరు నెలలకు, శ్రావణంలో, దొడ్డికి పోయినప్పుడల్లా నాకు నెత్తురు పడసాగింది. ముదురు రంగు చీరలు తప్ప కట్టలేకపోయాను. అదే వారం వెంకటగిరికోట పెళ్ళిలో నువ్వు వెన్నరంగు పట్టుచీర కట్టుకుని భోజనాల బంతిలో కూర్చున్న ఫోటో సుమలత పంపింది. దాన్ని పెద్దది చేసి మరీ చూశాను. ఒక్క మరక లేదు. ఫోను మంచం మీదికి విసిరేసి ఏడ్చాను. ఇద్దరికీ ఒకే జబ్బు ఇచ్చిన దేవుడు దీనికి మాత్రం నన్నొక్కదాన్నే ఏరుకున్నాడా అనిపించింది.

మొలలనుకుని ఆకుమందు మింగాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, కార్తీకం దాటాక మదనపల్లెలో కడుపు డాక్టరమ్మకు చూపించుకున్నాను. జబ్బు మళ్ళీ వచ్చిందని చెబుతుందేమోనని భయపడుతూనే బల్ల మీద పడుకున్నాను. ఆమె కెమెరా గొట్టం పెట్టి చూసి, జబ్బు తిరగబెట్టలేదమ్మా, కరెంటు పెట్టినందుకు లోపల పేగు పొర దెబ్బతినుండాది, ఆడ సన్న నరాలు పగిలి కారతాండాయి అంది. అవి మొలలు కావని, ఆకుమందు మానేయమని చెప్పి, ఒంట్లో నెత్తురు తగ్గిపోయిందని రక్తం ఎక్కించారు.

తర్వాత ఒక సీసా మందిచ్చి, రెండు పూటలా పెట్టుకోమన్నారు. సీసా మీద సిరప్ అని ఉంది కదా, పది రోజులు బుద్ధిగా తాగాను! నర్సు మునీశ్వరి విని, అయ్యో అమ్మా, అది నోటికి కాదు, యెనక నుంచి ఎక్కించుకునేది అని ఒకటే నవ్వు. నాకూ ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి కోడలు స్వర్ణలతే ఎక్కించింది. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

దాంతో కొంచెమే తగ్గింది. అందుకని మళ్ళీ గొట్టం పెట్టి, నెత్తురు కారే చోట్లను ఏదో గ్యాసుతో లోపలే కాల్చారు. పెద్దగా నొప్పి లేదు. రెండుసార్లు చేశారు. ఇరవై రోజులుగా చుక్క పడలేదు. మళ్ళీ పడితే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

ఇదంతా చదివాక నన్ను అక్కా అని పిలుస్తావో లేదో నీ ఇష్టం.

ఇట్లు,
నీ మేలు చూసి ఓర్వలేకపోయిన
వసంతక్క.

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఒక మాట దాచాను. దీపావళి రోజు నువ్వు ఫోను చేసి, అక్కా, నీకేమన్నా నెత్తురు పడతాండాదా అని అడిగావు. నాకేమి, గుండ్రాయి మాదిరి ఉండాను అన్నాను. సరేలే అక్కా అని పెట్టేశావు. ఏమీ లేని మనిషి ఆ మాట ఎందుకడుగుతుంది? నీకూ పడుతోందని నాకు అప్పుడే తెలిసింది చౌడమ్మా. పాపిష్టిదాన్ని, సంతోషపడ్డాను. నీకంటే నేనే బాగున్నానని నువ్వనుకోవాలని అబద్ధమాడాను. మందుందని తెలిశాక కూడా మొహం చెల్లక నీకు చెప్పలేదు. ఈ ఇరవై నాలుగు, సోమవారానికి మదనపల్లెలో ఆ డాక్టరమ్మ దగ్గర నీ పేరు మీద టోకెన్ తీసుకున్నాను. కుప్పంలో తొలి బస్సెక్కి పలమనేరు మీదుగా రా. పుంగనూరు బస్టాండులో నిలబడి ఉంటాను. తిట్టాలనుంటే అక్కడే, అందరి ముందూ తిట్టు. రావడం మాత్రం మానుకోకు.