పడవలో ఒక్క మంచం

1984 జూలై 9, సోమవారం

రాస్తే గుండెదడ తగ్గుతుందని పాస్టరమ్మ జయమణి గారు చెప్పారు. తగ్గుతుందో లేదో. నేను చదివింది మిషన్ బడిలో మూడో క్లాసు. తప్పులుంటే ఉంటాయి, చూసేవాళ్లెవరు?

ఈయన పోర్టులో పైలట్ లాంచి నడిపే సరంగుగా ముప్పై రెండేళ్లు పని చేసి రిటైరయ్యారు. హమ్మయ్య, సముద్రం గొడవ వదిలిందనుకున్నాను. వదల్లేదు. ఎవరో తెల్లాయన, ఒంట్లో బాగోక, తన తెరచాప పడవని ఈయన చేతిలో పెట్టి విమానమెక్కి పోయాడు. ఇరవై ఆరడుగుల పడవ. ఫిషింగ్ హార్బర్ యార్డులో రెండు పెద్ద ట్రాలర్ల సందులో, అటూ ఇటూ దుంగలు ఊతం పెట్టి నిలబెట్టారు. లోపలంతా కుళ్లిన చెక్క, కంపు. అదంతా పీకి కొత్తగా చేయించి, క్రిస్మస్ వెళ్లాక కాకినాడ దాకా వెళ్లొస్తారట. ఒక్కరే. అరవై రెండేళ్లు, ఒక కంట్లో శుక్లం.

జూలై 21

పడవలో రెండు మంచాలుండేవి. రెండూ పీకేశారు. ఇప్పుడు ఒక్కటే కడతారట. రెండోదాని చోట స్టవ్వు గట్టు, సామాన్ల అలమర. నువ్వెలాగూ రావు కదే కృపావతీ, బీచిరోడ్డు మీద నిలబడి సముద్రం సూసినా నీకు కళ్లు తిరుగుతాయి అన్నారు. నిజమే, తిరుగుతాయి. అయినా ఒక మాట అడగొచ్చు కదా. నలభై ఏళ్ల కాపురం.

ఆగస్టు 3

వడ్రంగి కుదిరాడు. గవర్రాజు. ఉక్కునగరం క్వార్టర్లకి తలుపులూ కిటికీలూ బిగించినవాడు. జాలరిపేటలో పడవల వడ్రంగులుండగా ఇతనెందుకని అడిగాను. వాళ్ల పని మోటు, ఇతనిది ఫినిషింగ్ అన్నారు. సరే. ఫినిషింగే తింటారు కాబోలు.

ఆగస్టు 30, మధ్యాహ్నం

క్యారియర్ పట్టుకెళ్లాను. కిరసనాయిలు స్టవ్వు పక్కన పరుపేమిటి, అంటుకోదా అన్నాను. అలాగేలే అన్నారు. మేకులు ఉప్పుగాలికి తుప్పు పట్టవా అన్నాను. అలాగేలే. కిందికి దిగే కన్నం ఇరుకు, మోకాలు పట్టేస్తే ఎవరు లాగుతారన్నాను. గవర్రాజు రంపం ఆపి, ఈరోజు ఇది ఎన్నో నంబరు బయ్యం మామ్మగారూ, రాసి పెట్టమంటారేటి అన్నాడు. ఈయన కూడా నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

సెప్టెంబరు 29

అయిదు రోజులుగా వాన. పని ఆగింది. ఈవేళ తెరిపిస్తే వెళ్లాను. ఎడమ పక్క దుంగ బురదలోకి జానెడు దిగిపోయింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. చుట్టూ నీలం గీత ఉంటుంది, నీళ్లు ఎంతవరకు వస్తాయో దానికి గుర్తు. యార్డు గోడ అంచుతో పోల్చి చూస్తే ఆ గీత వాలుగా కనబడుతోంది. ట్రాలర్ల సందులో ఉంది కాబట్టి ఎవరి కంటా పడలేదు. ఈయన కంటికి అసలే ఆనదు.

ఆయాసపడుతూ నిచ్చెనెక్కాను. నోరు తెరవకముందే గవర్రాజు, నంబరెంత మామ్మగారూ అన్నాడు. ఈయన పగలబడి నవ్వారు. క్యారియర్ అక్కడ పెట్టేసి దిగి వచ్చేశాను.

అక్టోబరు 1

చెప్పలేదు.

అక్టోబరు 11

గవర్రాజు దగ్గర గాజుగొట్టం మట్టం ఉంది. లోపల బుడగ. అది మధ్యలో నిలబడితే చాలు, చెక్క బిగించేస్తాడు. నేల, మంచం, గట్టు అన్నీ అలాగే. పాత నేల ఒక పక్కకి వంకర పోయింది, నాను సరిచేత్తన్నాను, ఇల్లయినా పడవయినా మట్టం మట్టమే అంటాడు. పడవే ఒరిగి ఉంటే బుడగకేం తెలుస్తుంది? సరంగు పెళ్లాన్ని, నాకు ఆమాత్రం తెలుసు.

నోరు విప్పితే దుంగ ఎత్తించడం ఒక్క పూట పని. విప్పకపోతే నీళ్లలో దించాక లోపలంతా వాలుగా ఉండి, క్రిస్మస్ వెళ్లాక ఈయన ఎక్కడికీ వెళ్లలేరు. ప్రభువా, నేను అబద్ధమేమీ ఆడలేదు. అడిగినవాళ్లు లేరు.

నవంబరు 20

పాలిష్ వేశారు. అద్దంలా ఉంది. ఈయనకి సరిగ్గా కనబడక వేళ్లతో తడిమి చూసుకుంటున్నారు. గట్టు చెక్కకి గ్లాసు ఒరగకుండా గుండ్రంగా రెండు కన్నాలు కోయించారు. ఒక్కరికి రెండు గ్లాసులేటండి అని గవర్రాజు అడిగితే అలవాటు అన్నారట. 

1985 జనవరి 5, శనివారం

క్రేనుతో నీళ్లలోకి దింపారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. నేను ఒడ్డునే నిలబడ్డాను.

నీళ్లు తగలగానే పడవ చక్కగా నిలబడింది. లోపలున్నదంతా వాలిపోయింది. అలమర తలుపు తనంతట తనే తెరుచుకుని బియ్యం డబ్బా దొర్లి పడిందట. ఈయన మంచం మీద పడుకుని చూస్తే నేల మీదికి జారిపోయారట. గవర్రాజు మట్టం పెట్టి పెట్టి, మీ పడవే వంకర సరంగు గారూ అన్నాడట. అందరూ నవ్వారు. ఈయన నవ్వలేదు. పైకొచ్చి అంచు మీంచి వంగి చూశారు. నీలం గీత చుట్టూ నీళ్లు సమంగా ఉన్నాయి. చేత్తో కూడా తడిమి చూశారు. 

జనవరి 6, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

చెప్పేశాను. దుంగ దిగిన రోజు నుంచీ తెలుసని, కావాలనే ఊరుకున్నానని. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఒకటే అన్నారు. మూడు నెలలు ఒక్క బయ్యం కూడా సెప్పలేదు నువ్వు, నీకు బయ్యం పోయిందనుకున్నాను, పడవ నీళ్లలో పడ్డాక నిన్నూ రమ్మని అడుగుదామనుకున్నాను అన్నారు.

వంటింట్లోకి వెళ్లి పప్పు మాడబెట్టాను.

జనవరి 21

పడవ మళ్లీ ఒడ్డెక్కింది. దుంగల కింద రాతి పలకలు నేనే పరిపించాను. నీలం గీతని గోడతో సరిచూసి అప్పుడు మొదలుపెట్టమన్నాను. గవర్రాజు పాలిష్ చెక్కలు పీకుతూ ఏడుపుమొహం పెట్టాడు. మంచం మళ్లీ ఒక్కటేనా అని అడిగాడు.  రెండు అన్నాను. రెండోది ఎత్తు తగ్గించు, పడితే దెబ్బ తగలకూడదు అన్నాను.

ఈసారి గవర్రాజు నంబరు అడగలేదు.