అమావాస్యనాడు వచ్చే పున్నమి

అక్కా,

నీకూ బావకూ నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మేమిక్కడ బాగానే ఉన్నాము. మీరక్కడ మాకంటే బాగున్నారని నాకు తెలుసు, నా ఏడుపంతా అదే. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వొద్దు. ఫోన్లో నువ్వు స్పీకరు పెడతావు, అమ్మ వింటుంది, అమ్మ విన్నది పొద్దుగూకేలోపు పాళెమంతా వింటుంది. ఇది చదివి నీ దగ్గరే పెట్టుకో.

బెంగుళూరు చలి ఇంకా అలవాటు కాలేదు. మధ్యాహ్నం కూడా స్వెట్టరు వేసుకునే కుట్టుమిషను తొక్కుతున్నాను. కింది ఇంటావిడ జాకెట్లు ఇచ్చింది, ఆమె చూసి ఇంకొకావిడ ఇచ్చింది. పని దొరుకుతోంది, దిగులు పడొద్దు. తిండికి లోటు లేదు. చేప మాత్రం ఐసులో పడుకుని పడుకుని వస్తుంది, పులుసు పెడితే మామిడికాయ రుచి తప్ప ఇంకేమీ తగలదు. అయినా నేను బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. నాకు సవతి వచ్చింది.

కంగారు పడకు, అది గాజు తొట్టి. నీ మరిది నాయుడుపేటలో హైవే పక్కన పెరిగినవాడు, సముద్రాన్ని సరిగ్గా చూసింది మా పెళ్ళయ్యాకే. అప్పటినుంచి పిచ్చి పట్టుకుంది. ఆఫీసులో ఎవరో నేర్పారట, హాల్లో పెద్ద తొట్టి పెట్టి అందులో పగడాలు పెంచుతున్నాడు. మెళ్ళో వేసుకునేవి కాదు, ప్రాణమున్నవి. విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. వాటికి ఉప్పునీళ్ళు కావాలి. సముద్రపు ఉప్పు పొట్లాల్లో వస్తుందిక్కడ. తూకం వేసి కలిపి, ఏదో గొట్టంలోకి కన్ను పెట్టి సరిపోయిందో లేదో చూస్తాడు. నా కూరలో ఉప్పు తక్కువైనా ఎక్కువైనా ఒక్క మాట అనడు, తెలిస్తే కదా.

అంతవరకు ఓర్చుకున్నాను. తరవాత వెన్నెల తెచ్చాడు. పగడాలకు సముద్రంలో ఉన్నట్టే రాత్రిపూట వెన్నెల తగలాలట, అది రోజుకింత పెరిగి రోజుకింత తగ్గాలట. తొట్టి పైన సన్నటి నీలం దీపాలు బిగించి, వాటికొక చిన్న పెట్టె తగిలించాడు. ఆ పెట్టే దీపాన్ని పున్నమి దాకా పెంచుతుంది, మళ్ళీ అమావాస్య దాకా తగ్గిస్తుంది. హాల్లో వేరే లైటు పడకూడదని నా మిషనును పడగ్గదిలోకి జరిపాడు. తొట్టిలో పున్నమి వచ్చిన రోజైతే వంటింటి లైటు కూడా ఆర్పించి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను గోడ తడుముకుంటూ అన్నం పెట్టుకున్నాను. ఎట్లా విచ్చుకున్నాయో చూడు మంగా అని మురిసిపోయాడు. నా ముఖాన్ని ఎప్పుడైనా అంతసేపు చూశాడా అని కడుపు మండిపోయింది.

అప్పుడే నువ్వు గుర్తొచ్చావు, నీ మీదా కుళ్ళు పుట్టింది. మన పాళెంలో వెన్నెల రోజులొస్తే, చేప వలను చూసి తప్పుకుంటుందని పడవలు ఒడ్డునే ఉంటాయి. బావ గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటాడు, నువ్వు పక్కనే రొయ్యలు వలుస్తూ ఊళ్ళో వాళ్ళందరి సంగతులూ చెబుతావు. నీకు వెన్నెలొస్తే మొగుడు ఇంటికొస్తాడు. నాకు వెన్నెలొస్తే మొగుడు తొట్టిలోకి పోతాడు.

ఆ మరునాడే నువ్వు ఫోన్ చేశావు, గుర్తుందా? చీకటి రోజులు కదా, బావ వేటకు పోయాడు, ఒక్కదాన్నే ఉన్నాను అన్నావు. ఫోను పెట్టేశాక లెక్క వేసుకున్నాను. పాళెంలో అమావాస్య అయితే మా హాల్లో పున్నమి ఎట్లా వచ్చింది? సాయంత్రం మాటల్లో పెట్టి ఆరా తీశాను. ఆ పెట్టెను ఏ రోజు మొదలుపెడితే అదే పున్నమి అనుకుంటుందట. ఈయన తెచ్చిన మోజులో ఆ రోజే నొక్కేశాడు. అది అమావాస్య.

చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకంటే అసలు పున్నమినాడు తొట్టిలో చీకటి ఉంటుంది, ఈయనకు చూసేందుకేమీ ఉండదు. ఆ ఒక్క సాయంత్రమైనా నాకు మిగులుతుంది. పగడాలకు ఏమైనా కానీ అనుకున్నాను, అంత కుళ్ళు నాకు.

మొన్న వచ్చింది పున్నమి. తొట్టి చీకటిగా ఉంది, ఈయన ఏమీ తోచక హాల్లో తిరుగుతున్నాడు. మిద్దె మీద తిందాం రమ్మన్నాను. నువ్వు పంపిన ఎండురొయ్యలు వంకాయలో వేసి వండాను. నీళ్ళ ట్యాంకు వెనకనుంచి చంద్రుడు పైకి వచ్చాడు. ఈయన అన్నం కలుపుతూ తలెత్తి, ఇవాళ పున్నమా అని అడిగాడు. అవునన్నాను. మరి తొట్టిలో, అని నా వైపు చూశాడు. నేను కంచం వైపు చూశాను. నాకు ముందే తెలుసని ఆయనకు అర్థమైపోయింది. చెయ్యి కడుక్కుని కిందికి దిగిపోయాడు.

అంతా అయిపోయిందనుకున్నాను. పెట్టె సరిచేసుకుంటాడు, ఇక అన్ని పున్నములూ దానివే. సిగ్గులేకుండా ఏడ్చాను అక్కా, కంచం ముందు పెట్టుకునే ఏడ్చాను. కొంచెంసేపటికి చాప చంకలో పెట్టుకుని పైకి వచ్చాడు.

"సరిజేసినారా?" అన్నాను.

"లేదు. సరిజేస్తే రెండు పున్నములూ ఒక్కరోజే వస్తాయి. నేనేడ కూచునేది?"

"మరి పగడాలకు?"

"వాటికి ఆకాశం కనబడతాదా ఏంది. నీకు కనబడతాది గదా."

చాప పరిచి కూర్చున్నాడు. నా కుళ్ళు పూర్తిగా పోయిందనుకోకు. ఆ చాప మీద కూర్చుని కూడా మధ్యలో, పెద్ద పగడం కాస్త వాడినట్టుంది అన్నాడు. విననట్టు చంద్రుణ్ణి చూపించాను.

ఎండురొయ్యలు అయిపోయాయి, ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపు. ఉప్పుచేప వద్దు, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు. అమ్మ కాళ్ళకు నా బదులు నువ్వు దణ్ణం పెట్టు, ఎందుకే అంటే ఊరికే అని చెప్పు. బావను జాగ్రత్తగా ఉండమను.

ఈ తిరగబడ్డ లెక్కలో మనిద్దరం సమానమయ్యాం, చూశావా? చీకటి రోజులకు బావ సముద్రం మీదికి పోతాడు, నా మొగుడు తొట్టి ముందుకు పోతాడు. వెన్నెలకు ఇద్దరూ మన దగ్గరికి వస్తారు. బావ తిరిగొచ్చేదాకా నీకు గుండెదడ. నాకా భయం లేదు, నావాడు పక్క గదిలోనే ఉంటాడు. ఆ ఒక్కదానికి నువ్వు నా మీద కుళ్ళుకోవచ్చు. వచ్చే అమావాస్యకు ఫోన్ చెయ్యి, ఇద్దరం ఒంటరిగానే ఉంటాం. స్పీకరు మాత్రం పెట్టకు.

నీ దీవెన కోసం తల వంచుకుని కూర్చున్న
నీ చెల్లెలు,
మంగ