కొండదారి కాగితం

బంగారు తల్లీ,

ఇది చదివి కోప్పడతావు, కోప్పడు. నీ కాగితం ఎలుకలు కొట్టలేదు. ఇన్నాళ్లూ నా దుప్పట్ల అడుగునే ఉంది. కొండదారి బస్సు డ్రైవరుగా నిన్ను ఖాయం చెయ్యాలంటే సోమవారంలోగా ఇంటి పెద్ద సంతకం కావాలన్నారుగా, నేనే దాచేశాను. ఈ నెల్లాళ్లూ నిన్ను ఆ బస్సు పరీక్షకు నడపమంటేనే నాకు ముద్ద దిగలేదు. ఇక రోజూ అంటే బతుకుతానా?

ఇంకో అబద్ధం కూడా ఉంది. మీ పిన్ని ఇంటికని చెప్పి, ముసుగేసుకుని నీ బస్సే ఎక్కాను. కాగితం ఇప్పుడు నా సంచీలో ఉంది. ఆ దారి కళ్లారా చూసి కాగితం చింపేద్దామనే వచ్చాను. బస్సు ఆగినప్పుడల్లా ఇంత రాస్తున్నాను. తొమ్మిది గంటల దారట. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. "అబ్బ, మబ్బులు మన కాళ్ల కిందే ఉన్నాయండీ!" అంటోంది పక్కనావిడ. "నా కాళ్ల కింద నేలుంటే చాలమ్మా" అన్నాను. జలపాతం కనపడగానే అందరూ అటు కిటికీల మీద పడ్డారు. బస్సు ఒరిగిపోతుందేమోనని నేనొక్కదాన్నే ఇటు బరువేసి కూర్చున్నాను.

మళ్లీ ఆగింది. మలుపులో ఎదురుగా లారీ. దారి చూస్తే జానెడు లేదు. అమ్మో, ఇక రాయలేను.

భయంతో,
మీ అమ్మ

అమ్మడూ,

టీ కొట్టు దగ్గర ఆగాం. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

కొండెక్కి వస్తున్న లారీకే ముందు దారివ్వాలని నువ్వు బస్సుని అంచు వెంట వెనక్కి తోలావు. కండక్టర్ దిగి ఈల వేస్తున్నాడు. చక్రం కింద రాళ్లు జారి లోయలో పడుతున్న చప్పుడు నాకు వినపడుతోంది. బస్సంతా ఊపిరి బిగబట్టింది. అరిచింది నేనొక్కదాన్నే. లేచి నిలబడి "ఆపవే! పడిపోతాం!" అన్నాను. నువ్వు తల తిప్పకుండా, అద్దంలో చూస్తూనే అన్నావు:

"వెనక సీటు పెద్దమ్మగారూ, కూర్చోండి. మీరు నిలబడితే నాకు వెనక దారి కనపడదు."

కన్నతల్లిని గారూ అన్నావు. గొంతులో ఇంత కూడా వణుకు లేదు. చప్పున కూర్చున్నాను. ఇంట్లోనూ ఇంతే కదూ, ఇన్నాళ్లూ నీ దారికి అడ్డం నిలబడి కేకలేస్తున్నాను.

ఇందాక కండక్టర్ టీ తెచ్చాడు. "చక్కెర లేనిదండీ. డ్రైవరమ్మ ఇమ్మంది. మీరు ఎక్కుతున్నప్పుడే చెప్పింది, 'మా అమ్మకి నడుం నొప్పి, గుంతలొస్తే ఆవిడకి ముందే చెప్పు' అని."

"ముసుగేసుకున్నానుగా నాయనా, ఎలా పోల్చింది?"

"చెప్పులు మార్చలేదటగా!"

టీ తాగేసి లేచాను.

బస్సు మళ్లీ బయల్దేరింది. ముందుకొచ్చి నీ వెనక సీట్లోనే కూర్చున్నాను. ఇటు చూడకు, దారి చూడు. నీ కాగితం మీద సంతకం పెట్టాను. వంకరపోయింది. భయపడి కాదు, బస్సు కదులుతోంది మరి.

ఇట్లు,
ముందు సీటు పెద్దమ్మగారు