నా గొలుసు మీద మీ గొలుసు

నా సైకిల్‌కు తమ మునిసిపల్ ఆఫీసు వారు గొలుసు బిగించి తాళంచెవి పట్టుకుపోయినారు.

విషయం: మందుల షాపు ముందు ఇనుప స్తంభానికి బందీ అయి ఉన్న సైకిల్‌ను విడిపించుట గురించి.

అయ్యా,

1. సదరు షాపు ముందు కార్లకు గీతలు గీసి ఉన్నవి. మోటారు సైకిళ్ళకు రేకుల షెడ్డు ఉన్నది. సైకిల్‌కు ఆ స్తంభమే దిక్కు. అక్కడ పెట్టుకొమ్మని చూపించినది కూడా షాపు వాచ్‌మనే.

2. పోయిన వానాకాలం అదే చోట నా పాత సైకిల్ పోయినది. అప్పుడు అర్జీ పెట్టుకొనగా "గట్టిగా తాళం వేసుకొనకపోవుట అర్జీదారుని నిర్లక్ష్యము" అని తమరే సంతకం చేసి జవాబిచ్చినారు. సరే, బుద్ధి వచ్చింది. ఈసారి గొలుసును రెండు చక్రాల్లోంచి, ఫ్రేములోంచి తీసి స్తంభానికి బిగించి మరీ తాళం వేసినాను. అక్కకు మాత్రలు కొని బయటికి వచ్చేసరికి నా గొలుసు మీద తమ గొలుసు! దారికి అడ్డమట. లాగితే రాలేదు గనుక కట్టేసినారట. వదులుగా వేస్తే దొంగ ఎత్తుకుపోతాడు, గట్టిగా వేస్తే తమరు కట్టేస్తారు. అడ్డమన్న దాన్ని కదలకుండా కట్టేస్తే అడ్డం తొలగుతుందా అయ్యా?

3. తమ గుమాస్తాను అడిగితే, "బండి ఇక్కడికి తెచ్చి చూపించు తమ్ముడూ, నీదేనని తేలితే తాళం తీస్తాం" అన్నాడు.

"తాళం తీస్తే కదండీ తెచ్చేది!"

"తేకుండా ఎలా తీస్తాం?" అని టీకి లేచిపోయాడు.

వాచ్‌మన్ బాబాయిని అడిగితే, "స్తంభం చూపించాను గానీ పూచీ పడ్డానట్రా?" అన్నాడు.

4. మా అక్కకు ఒక కాలు సరిగా లేదు. బట్టల కంపెనీలో మిషన్ కుడుతుంది. మా వీధికి బస్సు రాదు. రోజూ క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని దింపి, నేను నా వెల్డింగు పనికి పోతాను. "సోమవారం సైరన్‌కు రాకపోతే నీ మిషన్ ఇంకొకరికి ఇస్తా" అని సూపర్‌వైజరు కబురు పెట్టాడు. అక్క నన్నేమీ అనదు. నిన్న మాత్రం, "ఒరేయ్, నువ్వు తాళం వేసింది సైకిల్‌కా, నా కాళ్ళకా?" అంది. నవ్వుతూనే అంది.

కావున శనివారం ఆఫీసు మూసేలోపు తాళంచెవితో మనిషిని పంపవలెను. షాపు ముందు సైకిల్ స్టాండు కూడా వేయించవలెను. చిత్తగించి పక్కన పెడితే కుదరదు, చిత్తగించి కుర్చీలోంచి లేవవలెను.

తమ విధేయుడు (శనివారం వరకు),
గేట్లకు వెల్డింగు చేసే కుర్రవాడు
ప్రస్తుతం దొరికే చోటు: ఆ స్తంభం

మరొక్క మాట: మా వర్క్‌షాపులో ఇనుము కోసే మిషన్ ఉంది. తమ గొలుసు దానికి ఒక లెక్క కాదు. కానీ గొలుసు కోస్తే దొంగతనం కేసు పెడతామని తమరు కాగితం అతికించారు. నా సైకిల్‌కు నేనే దొంగనట! అక్కను వెనక కూర్చోబెట్టుకొని దొంగలా తొక్కుకుంటూ పోలేను. మనిషిని పంపడం కుదరకపోతే "కోసుకో" అని ఆ ఒక్క మాటే సంతకంతో రాసి పంపండి. శనివారం సాయంత్రం దాకా స్తంభం దగ్గరే ఉంటాను, మిషన్ పక్కన పెట్టుకొని.