తులిప్ మొగ్గ గురించి సుబ్బరత్నం పిన్నికి మనవి

పూజ్యులైన సుబ్బరత్నం పిన్నికి,

గోడ ఇవతలి నుంచి నమస్కరించి రాస్తున్నాను. మా పిట్టగోడ మీది కుండీలో విచ్చుకోబోతున్న ఎర్ర మొగ్గ తులిప్. "దోసెల పిండి ఎక్కడ పెట్టుకోవాలిరా?" అని అమ్మ ఎంత అరిచినా, చలి తగిలితేగానీ పూయదని దాని దుంపను నెలల తరబడి ఫ్రిజ్‌లో దాచి మరీ మొలిపించాను.

మీరు రోజూ తెల్లారగానే మా మందారాలు కోసుకుంటారు. అడిగితే "దేవుడికేగదరా, ఏంది నీ గోల?" అంటారు. మందారాలన్నీ మీవే. ఈ ఒక్కటీ ఆదివారం దాకా కోయవద్దని ప్రార్థన.

నరసరావుపేటలో తులిప్ పూయిస్తే పెళ్లికి ఒప్పుకుంటానని ఒకమ్మాయి పందెం కట్టింది. చూడటానికి ఆదివారం వస్తోంది. దిగేది మీ ఇంట్లోనే. అవును పిన్నీ, మీ అన్నయ్యగారి అమ్మాయి జాహ్నవే.

చిన్నప్పటి నుంచి మిమ్మల్ని పిన్ని అని పిలిచినందుకు వరస కూడా కుదిరింది.

భయభక్తులతో,
పక్కింటి వాడు